పలకని తాడు

తడితాడు అరచేతిలో చల్లగా ఉంది. నాచు వాసన... నానిన చెక్క వాసన...

సరస్సు మీద బుడగలు. బుడగల కింద ఆమె మొగుడు.

పాత రేవును పీకేస్తున్నారు. ఒకప్పుడు పడవలు కట్టిన చెక్కల రేవు. పక్కనే ఒడ్డును ఆపిన రాతిగోడను నిన్ననే తీసేశారు. ఇల్లు కొన్నవాళ్ళకి వరండాలోంచి నీళ్ళు తప్ప ఇంకేమీ కనిపించకూడదట. కనిపించకూడదంటే మాటలా! పైకి కనిపించేది కొంచెం. కింద బురదలో పాతుకున్న గుంజలు బోలెడు.

గజఈతగాడు దిగి గుంజకి గొలుసు వేస్తాడు. ఒడ్డు మీది క్రేన్ లాగుతుంది. తాడు ఒక కొస అతని నడుముకి, ఇంకో కొస ఆమె చేతికి.

నీళ్ళకింద మాట ఉండదు. తాడే మాట.

ముందు అతను ఒక్కసారి లాగుతాడు — ఉన్నావా?

ఆమె ఒక్కసారి లాగాలి — ఉన్నా.

అది అందాకే అసలు మాట. రెండు లాగితే గుంజను లేపమని, మూడు లాగితే దించమని. ఆమె దాన్ని క్రేన్ డ్రైవరుకి అరిచి చెబుతుంది. పలకరింపుకి జవాబు రాకపోతే అసలు మాట పంపడు. పైన వినేవాళ్ళు లేరని లెక్క.

ఇన్నేళ్ళూ అంతే. ఇంట్లో ఎంత గొడవైనా తాడు దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు.

ఈరోజు పొద్దున మాత్రం...

టీ తాగుతూ, నలుగురి ముందూ అన్నాడు. "మా ఆవిడదేముంది, తాడు పట్టుకుని నిలబడడమేగా. ఆ పని రాటైనా చేస్తుంది."

క్రేన్ డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది.

మగాళ్ళకి నలుగురు కనిపిస్తే చాలు, నాలుక నిలవదు! ఆ మాట అప్పుడే మండింది. ఇంకా మండుతూనే ఉంది.

క్రేన్ గొలుసును బిగించి ఆగింది. నీళ్ళలో గుంజ పక్కకి ఒరిగింది. ఆమె గుంజను చూడలేదు. పొద్దున నవ్విన ఆ డ్రైవరు మొహాన్నే చూస్తోంది.

తాడు కదిలింది. ఒక్కసారి.

ఉన్నావా?

ఆమె పలకలేదు. రాటకి పలకడం రాదుగా!

మళ్ళీ కదిలింది. ఈసారి గట్టిగా.

ఉన్నావా?

మూతి బిగించింది. చెయ్యీ బిగించింది. ఉడకనీ కాసేపు, అనుకుంది.

ఆ తర్వాత తాడు కదల్లేదు.

"వదినా, లేపనా?" డ్రైవరు అరిచాడు.

ఆమె తాడు లాగింది — ఉన్నా.

జవాబు లేదు.

అలకా? ఇప్పుడు తన వంతని అలిగాడా? అలిగే మనిషే. అన్నం దగ్గర అలుగుతాడు, దుప్పటి దగ్గర అలుగుతాడు... నీళ్ళకింద కూడానా?

మళ్ళీ లాగింది — ఉన్నా, ఉన్నా.

తాడు రాలేదు. కింద దేనికిందో ఇరుక్కుంది.

బుడగల వైపు చూసింది. వస్తున్నాయి. కానీ ఒక్కచోటే. మనిషి కదిలితే బుడగలూ కదులుతాయి. ఇవి కదలడం లేదు.

తాడును రెండు చేతులా పట్టుకుంది.

"వదినా! లేపనా, దించనా?"

లేపాలా... దించాలా... ఆ మాటే అతను చెప్పబోయాడు. తను చెప్పనివ్వలేదు.

లేపితే ఆ ఒరిగిన గుంజ అతని మీదికే తిరగొచ్చు. దించితే బురదలోకి తొక్కేయొచ్చు. ఊరికే ఉంటే — గాలి గొట్టం కూడా దాని కిందే నలుగుతోందేమో. బుడగలు సన్నబడుతున్నాయి.

"వదినా!"

"వేలెడు లేపు! వేలెడే! ఆగమంటే ఆగాలి!"

గొలుసు కిర్రుమంది. తాడు ఇంకా బిగిసింది. అరచేతుల్ని కోస్తూ బిగిసింది. తప్పు చెప్పానా... దేవుడా, తప్పు చెప్పానా...

"ఇంకో వేలెడు," అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది.

తాడు వదులైంది.

లాగింది. డ్రైవరు దూకి వచ్చి చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి అతన్ని ఒడ్డు మీదికి ఈడ్చి పడేశారు.

దగ్గాడు. కక్కాడు. పిక్క చీరుకుపోయింది. బతికే ఉన్నాడు. ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది.

"పిలిచానే..." అన్నాడు. "రెండుసార్లు పిలిచా."

ఆమె అతని మొహం మీది నాచు తుడిచింది.

కాసేపటికి అతనే లేచి కూర్చున్నాడు. తాడు అందుకుని వేళ్ళతో నలిపి చూశాడు.

"ముసలి తాడు. నీళ్ళు పీల్చి మొద్దుబారింది. కింద ఎంత లాగినా పైదాకా రావట్లేదు." డ్రైవరు వైపు తిరిగాడు. "మా ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, పాపం. అందుంటే పలకదూ?"

పాపం.

ఆ మాట పొద్దుటి మాటకన్నా లోతుగా దిగింది.

"కొత్త తాడుంది, తెస్తానుండన్నా," అన్నాడు డ్రైవరు. మొగుడు మొలలోంచి కత్తి తీశాడు, పాతదాన్ని నడుము దగ్గర కోసెయ్యడానికి.

ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"తాడుకేం కాలేదయ్యా."

అతను నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగాడు.

"నాకు అందింది," అంది. "రెండుసార్లూ."

డ్రైవరు అడుగు వెయ్యబోయి నిలిచిపోయాడు. మెల్లగా సరస్సు వైపు తిరిగాడు. నీళ్ళలో ఇంకా గుంజలున్నాయి. పొద్దు గూకేలోపు తియ్యాల్సినవి...

ఇద్దరి మధ్యా తడితాడు నీళ్ళు కారుతోంది.

అతను తన మణికట్టు మీది చేతిని చూస్తూ ఉండిపోయాడు. విడిపించుకోలేదు. అలాగని ఆ చేతిని పట్టుకోనూ లేదు.