అమావాస్యనాటి బెల్లం ఉండలు

ఆ అమావాస్య పొద్దున మా నిర్మల ఎన్ని ఉండలు మింగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగిన ప్రతిసారీ ఒకటి పెరిగింది.

అప్పటికి దానికి ఆరేళ్లు. మేం వరంగల్ మట్టెవాడలో ఒక సందులో ఉండేవాళ్లం. మా ఆయన రామలింగానికి బజార్లో ఇత్తడి సామాన్ల దుకాణం. ఎనభై ఒకటి ఎండాకాలంలో మా సందుకు ఒక పిచ్చి పట్టింది. వర్ధన్నపేటలో ఎవరి బిడ్డకో మోదుగ గింజల పొడి పెడితే కడుపులో పురుగులన్నీ పడిపోయాయని పక్కింటి మొగిలమ్మ వదినె వార్త మోసుకొచ్చింది. ఆ బిడ్డను కళ్లతో చూసినవాళ్లు ఎవరూ లేరు. అయినా వారం తిరిగేసరికి ఇంటింటా రోలు చప్పుడే. ఒకరు ఆ గింజల్లో వాయువిడంగాలు కలిపారు, ఒకరు వేపచిగురు నూరారు, ఎదురింటి మల్లక్క ఏదో వేరు దంచింది. అమావాస్యనాడు పురుగులు తలలు పైకెత్తుతాయట. ఆ పొద్దున పరగడుపునే పెట్టాలట. చేదుకు పిల్లలు ఉమ్మేయకుండా బెల్లంతో ఉండ కట్టాలట.

నాకు నోరు ఎక్కువ. ముందురోజు నల్లా దగ్గర అందరి ముందూ అనేశాను.

"పేరు తెల్వని యేర్లు దంచి పిల్లల నోట్లె కుక్కుడేంది? నా బిడ్డకైతే పెట్ట. పురుగులుంటే దవాఖానకు తీస్కపోత."

మల్లక్క బిందె కింద పెట్టి నవ్వింది. "దంచ చాతగాదని చెప్పు చెల్లె. పొడి మీద పెడ్తవెందుకు?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. బిందె సగం కూడా నిండకముందే ఎత్తుకుని వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం నిర్మల నిద్రలో పటపటా పళ్లు కొరికింది. పళ్లు కొరికితే కడుపులో పురుగులున్నట్టేనని మా అమ్మ అంటుండేది. అంతే, నల్లా దగ్గరి పౌరుషమంతా ఎటు పోయిందో. మొగిలమ్మ వదినె ఎప్పుడో ఇచ్చిన గింజలు వంటింట్లో డబ్బాలో ఉన్నాయి. రోట్లో వేస్తే సందంతా వినపడుతుంది. తలుపు గడియ పెట్టి, గింజలను గుడ్డలో చుట్టి రాయితో నలగ్గొట్టాను. ఎంత వేయాలో తెలియదు, అడుగుదామంటే మొహం లేదు. తోచినంత వేశాను.

తెల్లవారి అది లేవగానే ఉండ చేతిలో పెట్టాను.

"ఇండ్ల ఏమున్నదమ్మా?"

"ఏం లేదు బిడ్డా, బెల్లం."

మింగి ఆటకు పోయింది. మా సందులో పిల్ల గడపలోకి వస్తే చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా ఎవరూ పంపరు. ఆ సంగతి నాకు ఆ పొద్దున గుర్తు రాలేదు.

పది గంటలకు వచ్చి ద్వారబంధం పట్టుకుని వాంతి చేసుకుంది. ఆగలేదు. పన్నెండయ్యేసరికి వడలిపోయింది, మాట కూడా రాలేదు. రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం. మొగిలమ్మ వదినె, మల్లక్క ఇంకో రిక్షాలో మా వెనకే వచ్చారు.

"పొద్దున్నుంచి ఏం తిన్నది?" అని డాక్టర్ అడిగాడు.

మా ఆయన నా దిక్కు చూశాడు.

"ఏం లేదు డాక్టర్ సాబ్, జర చాయ్ తాగింది," అన్నాను. బిడ్డ ప్రాణం మీదికొస్తే నాకు సిగ్గు అడ్డమొచ్చింది.

"తిన్నదేందో తెలిస్తేనే నేనేమన్న చేసేది. మంచిగ యాది చేసుకొని చెప్పు."

దాని చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. నాకు భయమేసింది.

"ఒక ఉండ పెట్టిన. మోదుగ గింజల పొడి."

"ఎంత పొడి?"

వేళ్లతో చూపించాను. అంతేనా, ఇంకా ఎక్కువా? నా వేళ్ల మీద నాకే నమ్మకం పోయింది.

వెనక నుంచి మొగిలమ్మ వదినె నెమ్మదిగా అంది. "నేను గూడ ఒకటి పెట్టిన సాబ్. ఈమె పెట్ట అన్నది గదా. తల్లి మొండితనానికి బిడ్డ ఎందుకు కష్టపడాలె అనుకున్న."

మల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాదొకటి. చిన్నది, రేగ్గాయంత."

"నీ దాంట్ల ఏం కలిపినవు?"

"మా ఆడిబిడ్డ ఒక యేరు పంపింది సాబ్. దాని పేరు నాకు తెల్వది."

మూల ఇంట్లో ఉండే పూలమ్మ కూడా పెట్టి ఉంటుందని మల్లక్కే అంది. మా ఆయన ఎవరిదో సైకిల్ తీసుకుని పోయి అడిగి వచ్చాడు. పూలమ్మ ఒకటి పెట్టిందట. ఆమె చూడకుండా ఆమె అత్త ఇంకొకటి పెట్టిందట, మొత్తం ఉండో సగమో ఆ ముసలామెకు గుర్తు లేదట. డాక్టర్ కాగితం మీద రాసినదాన్ని కొట్టేసి మళ్లీ రాశాడు. ఎవరి మీద కోపం చేయాలో ఆయనకూ తెలిసినట్టు లేదు.

రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మంచం పక్కన కూర్చున్న నాకు అదే ఆలోచన. నల్లా దగ్గర నోరు మూసుకుని ఉంటే వాళ్లు పెట్టకపోదురు. అన్న మాట మీద నిలబడి ఉంటే నేను పెట్టకపోదును. ప్రాణం తీయబోయింది మల్లక్క వేరా, నా గింజలా? అందరూ ప్రేమతోనే పెట్టారు. మరి తిట్టాల్సింది ఎవరిని?

రెండో రోజు పరీక్ష కాగితం వచ్చింది.

"పురుగులు కనపడలే," అన్నాడు డాక్టర్. "పళ్లు కొరికితే పురుగులున్నట్టు గాదమ్మా. ఫికర్ ఉంటే ముందుగాల పరీక్ష చేపియ్యాలె."

లేని పురుగుల కోసమా ఇదంతా.

మూడో రోజు ఇంటికి వచ్చాం. పెరుగన్నం మెత్తగా కలిపి ముద్ద దాని నోటి దగ్గర పెట్టాను. పెదవులు బిగించింది. కంచం దిక్కు, తర్వాత నా మొహం దిక్కు చూసింది.

"ఇండ్ల ఏం గలిపినవమ్మా?"

"ఏం లేదు బిడ్డా, పెరుగు."

ఆ అమావాస్య పొద్దునా "ఏం లేదు" అనే అన్నానని నోట్లోంచి మాట వచ్చాక తెలిసింది.

"నువ్వు తిను ముందుగాల."

ఆ ముద్ద నేనే నోట్లో పెట్టుకున్నాను. మింగేదాకా అది నా గొంతు దిక్కే చూసింది. ఆ తర్వాత నోరు తెరిచింది.