తువ్వాలు పాట

మా బావ సినిమాలు చూడడు, సినిమా చూసి బయటికొచ్చినవాళ్ళని చూస్తాడు. హాలు గుమ్మం దగ్గర మైకు పట్టుకుని "ఎలా ఉంది, ఎలా ఉంది" అని అడిగే కుర్రాళ్ళుంటారే, వాళ్ళ వీడియోలన్నీ ఆయన ఫోన్లోనే కాపురం ఉంటాయి. ఎవరు ఏ పాటకి ఏడ్చారు, ఎవరు సగంలో లేచొచ్చారు, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. అందుకే అమ్మని ఏడిపించాలని తీర్మానం అయ్యాక, ఏ సినిమాకి తీసుకెళ్ళాలో తేల్చే పని ఆయనకే అప్పగించాం.

అవును, అమ్మని ఏడిపించడానికే. మేం కన్నకూతుళ్ళమే, పగవాళ్ళం కాదు.

మాది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లలో మాడిన తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పట్టించి, ఆరబెట్టి ఇవ్వడం మా పని. నాన్న ఒక బల్ల మీద చుట్టేవాడు, నేను పక్క బల్ల మీద. అమ్మ కౌంటర్లో కూర్చుని ఫోన్లు ఎత్తేది, వచ్చినవాళ్ళని "ఇదిగో అయిపోయింది, అదిగో అయిపోతోంది" అని ఊరడించి పంపేది. ఒక మధ్యాహ్నం నాన్న కాయిల్ చుడుతూ చుడుతూ బల్ల మీదికి తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకున్నాను. ఉక్కపోస్తోందేమోనని టేబుల్ ఫ్యాను ఆయన వైపు తిప్పి నా పని నేను చూసుకున్నాను. అమ్మ టీ తెచ్చి లేపబోయేదాకా ఇద్దరికీ తెలియలేదు.

ఆ రోజు నుంచి అమ్మ ఏడవలేదు. ఏడవకపోతే పోనీ, నిద్ర మానేసింది. పడుకుంటుంది, లేస్తుంది, మంచం అంచున కూర్చుని ఉతికి మడత పెట్టిన బట్టల్నే మళ్ళీ విప్పి మడత పెడుతుంది. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్ర వేసుకుని మరీ మేలుకుని ఉంటుంది. మనిషి సగమైపోయింది. మొన్న షాపు మెట్ల మీద కళ్ళు తిరిగి పడితే మోచెయ్యి చీరుకుపోయింది. షాపు ఫోన్లో ఎవరైనా నాన్నని అడిగితే "బయటికెళ్ళారండీ" అంటుంది. ఒకాయన పాపం, ఆ మాట నమ్మి షాపుకొచ్చి సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళాడు.

కట్టు కడుతూ డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఏడుపు లోపల గడ్డకట్టుకుపోయిందమ్మా. గట్టిగా ఒక్కసారి ఏడిస్తే నిద్ర దానంతటదే వస్తుంది. ఇలాగే ఉంటే మాత్రం మీ అమ్మగారు ఎంతోకాలం నిలబడలేరు" అంది. ఆమె ఏదైనా చుట్టూ తిప్పి చెప్పే రకం కాదు. ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేస్తే అక్క ఏడ్చింది. బావ ఏడ్చాడు. ఏడవాల్సిన మనిషి తప్ప అందరం ఏడ్చాం.

అప్పుడు పుట్టింది ఈ దిక్కుమాలిన ఆలోచన. బావ ఫోన్ పట్టుకొచ్చి ముందుపెట్టాడు. కొత్తగా వచ్చిన హిందీ సినిమా. అంతా పాటలేనట, ప్రేమేనట. బయటికొస్తున్న జనం చూడాలి! కాలేజీ అమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. మీసాలాయన ఒకడు మైకు ముందు నోరు తెరిచాడు, మాట రాలేదు, చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. వీళ్ళంతా సొంత తాత పోయినా ఇంత ఏడ్చి ఉండరు.

"గ్యారంటీ మరదలా," అన్నాడు బావ. "ఇది చూసి ఏడవకుండా వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, నా మీసం తీసేస్తా."

"నీకు మీసం ఎక్కడుంది బావా?"

"పెంచి తీసేస్తా."

అమ్మని ఒప్పించడం కష్టం కాలేదు. ఈ మధ్య ఏం చెప్పినా సరే అంటుంది. అదే నాకు భయం. ఆదివారం మ్యాట్నీకి నలుగురం వెళ్ళాం. అమ్మ పక్కన నేను, అటుపక్క అక్క, దాని పక్కన బావ. అమ్మకి హిందీ రాదు. వంగి వంగి అర్థం చెప్పే ఉద్యోగం బావది. అక్క సంచీలో పాత దుప్పటి చింపినన్ని చేతిగుడ్డలు తెచ్చింది.

కథ గొప్పదేం కాదు. వాడు పెళ్ళిళ్ళలో పాడే కుర్రాడు, ఆ పిల్ల బాణీలు కట్టే పిల్ల. ఇద్దరూ కలిసి పాడుకుంటారు, అలుగుతారు, మళ్ళీ పాడుకుంటారు. పిల్లకేదో జబ్బు ఉందని మనకి తెలుస్తుంది, వాడికి తెలియదు. అయినా ఆ హాల్లో ఏదో ఉంది సుమండీ. పాట మొదలవగానే చీకట్లో ఎక్కడెక్కడి వాళ్ళో సన్నగా గొంతు కలుపుతున్నారు. మా ముందుసీట్లో ఒక భారీ మనిషి కూర్చున్నాడు, తెరలో పావువంతు ఆయన తలే. ఆయన టైటిళ్ళ దగ్గర్నుంచే ముక్కు చీదుతున్నాడు. పక్కన భార్య కాబోలు, "అప్పుడేనా?" అని కసురుతోంది. నేను తెర చూడటం ఎప్పుడో మానేశాను. అమ్మ ముఖమే చూస్తున్నాను. తెర వెలుగు దాని మీద నీలంగా, ఎర్రగా మారుతోంది గానీ, ఆ ముఖం మాత్రం మారడం లేదు.

ఇంటర్వెల్‌కి కాస్త ముందు స్టేషన్ సీను వచ్చింది. బావ అక్క వైపు వంగి, "ఇదే. జనం తట్టుకోలేకపోయింది ఇక్కడే. చేతిగుడ్డలు సిద్ధం చెయ్యి" అన్నాడు. కుంభవృష్టి. ఆ పిల్ల రైలెక్కింది. వాడు ప్లాట్‌ఫాం మీద తడిసి ముద్దై, రెండు చేతులూ చాచి, పాట ఎత్తుకున్నాడు.

మొదటి ముక్కకే గుర్తుపట్టేశాను. ఎప్పటిదో పాత హిందీ పాట బాణీ, దానికే కొత్త వాయిద్యాలు తగిలించి మళ్ళీ వాడుకున్నారు. ఆ బాణీ మా ఇంట్లో అందరికీ తెలుసు. అది నాన్న పాట.

నాన్నకి శ్రుతి ఒక ఊరు, లయ ఇంకో ఊరు. షాపులో చుట్లు లెక్కపెట్టుకోవాలి గనక నోరు మూసుకునేవాడు, ఆ లోటంతా ఇంటికొచ్చి స్నానాలగదిలో పూడ్చుకునేవాడు. హిందీ పాటలంటే ప్రాణం, హిందీ మాత్రం ముక్క రాదు. అందుకని బాణీ వాళ్ళది, మాటలు ఈయనవి. ఈ బాణీకి ఆయన కట్టిన మాటలు ఇవి: "తువ్వాలు మరిచితినే... ఓ ఇల్లాలా... తడిసీ నిలిచితినే..." రోజూ పొద్దున్నే ఇదే పాట. అమ్మ వంటింట్లోంచి "వస్తున్నా, చెవులు కోసెయ్యకండి" అని అరుస్తూ తువ్వాలు పట్టుకెళ్ళేది.

ఇప్పుడు ఏడుస్తుంది, అనుకున్నాను. ఏడిస్తే బాగుండని తీసుకొచ్చినదాన్నే, ఆ క్షణం మాత్రం వద్దమ్మా, ఇక్కడొద్దు అనిపించింది. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. అక్క గబగబా గుడ్డ అందించింది. అమ్మ దాన్ని నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు.

అమ్మ నవ్వుతోంది.

మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, ఊపిరాడకుండా నవ్వు. హాలంతా ముక్కులు ఎగబీలుస్తుంటే మా అమ్మ ఒక్కత్తే పకపకా నవ్వుతోంది. తెర మీద వాడు నీళ్ళోడుతూ చేతులు ఇంకా ముందుకి చాచాడు. రైలు కదిలింది, పాట ఆగదు, రైలూ స్టేషన్ దాటదు. అమ్మ నవ్వుల మధ్య అంది, "ఎవరైనా... ఆ అబ్బాయికి... తువ్వాలు ఇవ్వండర్రా!"

నాకు ఫెళ్ళున నవ్వొచ్చింది. అటుపక్క అక్క "అమ్మా, ష్, అమ్మా" అంటూనే కిసుక్కుమంది. వెనకనుంచి ఎవరో "సినిమా చూడనివ్వరా?" అన్నారు. ముందుసీటాయన మొత్తంగా వెనక్కి తిరిగాడు. బుగ్గల మీద నీళ్ళు ధారకట్టి ఉన్నాయి.

"ఏవమ్మా, అక్కడ ఆ కుర్రాడు గుండె పగిలి ఏడుస్తుంటే నీకు నవ్వెలా వస్తోందమ్మా?" అన్నాడు. కోపం కన్నా బాధే ఎక్కువ ఉంది ఆ గొంతులో.

"తప్పే నాయనా," అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మా ఆయన పోయారు."

నా నవ్వు ఆగిపోయింది. ఆ మాట అమ్మ నోట వినడం అదే మొదలు. మాతో అనలేదు, డాక్టరమ్మతో అనలేదు. ఊరూ పేరూ తెలియని మనిషితో, మామూలుగా అనేసింది.

అమ్మ ముందుకి వంగి, ఆయన సీటు పట్టుకుని, గొంతు తగ్గించి చెప్పుకుపోయింది. "స్నానానికెళ్ళి ఈ పాటే పాడేవారు నాయనా, తువ్వాలు మరిచానే అని. రోజూనూ. మరుపా, పాడా! లోపల తలుపు వెనక మేకుకి ఒకటి వేలాడుతూనే ఉండేది. దాంతో తుడుచుకుని, మళ్ళీ తలమీద ఒక చెంబుడు పోసుకుని, తలుపు ఓరగా తీసి ఈ పాట ఎత్తుకునేవారు. నేను వెళ్ళి ఇవ్వాలనీ, నాలుగు తిట్లు తిట్టాలనీ. నాకు తెలుసని ఆయనకి తెలీదు. రోజూ రెండు తువ్వాళ్ళు తడిసేవి, ఉతుక్కునేదాన్ని నేను, నాకు తెలీదూ?"

నాకూ తెలియదు ఆ సంగతి. ఇన్నేళ్ళు అదే ఇంట్లో పెరిగాను, నాన్నకి మతిమరుపనే అనుకున్నాను.

ముందుసీటాయన భుజాలు కూడా కదలడం మొదలెట్టాయి. అది నవ్వో ఏడుపో ఆయనకే తెలిసుండదు. పక్కనున్న భార్య "ఏమిటండీ, ఏమందావిడ?" అని అడిగి, విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కణ్ణుంచి ఆ మాట వరస పొడుగునా పాకింది. స్టేషన్‌లో రైలు ఎట్టకేలకి వెళ్ళిపోయేసరికి, మా చుట్టుపక్కల ముప్పావు వంతు మంది నవ్వుతున్నారు.

ఇంటర్వెల్లో బావ ముఖం వేలాడేసుకున్నాడు. ప్లానంతా గంగపాలైందన్నాడు. అక్క నన్ను పక్కకి లాగి, "అమ్మకి మతిగాని చలించిందంటావా? డాక్టరమ్మకి ఫోన్ చేద్దామా?" అంది. "నీకు చలించింది, నోర్ముయ్" అన్నాను. నాకూ భయంగానే ఉంది, అందుకే కసిరాను. వెనక్కొచ్చి చూస్తే, బావ కొనుక్కున్న పాప్‌కార్న్ డబ్బా అమ్మ ఒళ్ళో పెట్టుకుని అడుగుదాకా తినేసింది. "ఉప్పెక్కువైంది అల్లుడుగారూ" అని వంక కూడా పెట్టింది.

రెండో సగం మొత్తం ఆస్పత్రే. పిల్ల మంచం మీద ఉంది, వాడు పక్కన కూర్చుని ఆమె కట్టిన బాణీ ఆమెకే వినిపిస్తున్నాడు. పాట నెమ్మదిస్తున్నకొద్దీ హాల్లో వెక్కిళ్ళు పెరిగాయి. బావ అర్థం చెప్పడం మానేసి తనే కుళ్ళికుళ్ళి ఏడుస్తున్నాడు. ఆఖరికి నేను కూడా తెర వైపు చూస్తూ ఉండిపోయాను. వాడు పాడుతూ పాడుతూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి జారిపోయింది. నాకు అమ్మ గుర్తొచ్చి తిరిగి చూశాను.

అమ్మ తల వాలిపోయి ఉంది.

గడ్డం గుండెకి ఆనుకుని ఉంది. చేతులు ఒళ్ళో ఖాళీ డబ్బా మీద వదులుగా పడి ఉన్నాయి. సరిగ్గా అలాగే. ఆ రోజు బల్ల మీద నాన్న తల సరిగ్గా అలాగే ఉంది. కునుకనుకుని ఫ్యాను తిప్పి ఊరుకున్నాను. నవ్వించి నవ్వించి చంపేశామా దేవుడా అనుకుంటూ, వేలు అమ్మ ముక్కు దగ్గర పెట్టాను.

వెచ్చగా తగిలింది.

తర్వాత, తెర మీద ఆ పిల్ల ప్రాణం పోతున్న నిశ్శబ్దంలో, వాయిద్యాలన్నీ ఆగిన చోట, మా అమ్మ గుర్రు పెట్టింది. చిన్నదేం కాదు. నాలుగు వరసలకి వినిపించేంత గుర్రు.

ముందుసీటాయన తిరిగాడు. నేను దణ్ణం పెట్టినంత పనిచేసి, "చాలా రోజులైందండీ నిద్రపోయి" అన్నాను. ఆయన తలూపి, సీట్లో వీలైనంత కిందికి జారి కూర్చున్నాడు. పక్కనెవరో విసుక్కోబోతే ఆయనే వేలు చూపించి ఊరుకోబెట్టాడు.

సినిమా అయిపోయింది. దీపాలు వెలిగాయి. జనం వాచిన కళ్ళతో లేస్తున్నారు. అమ్మ తల నా భుజం మీదికి జారింది, నేను కదల్లేదు. మా వరసలో వాళ్ళు మా మోకాళ్ళు తగలకుండా పక్కకి తిరిగి తిరిగి దాటుకుంటూ వెళ్ళారు. ముందుసీటాయన భార్య వెళుతూ వెళుతూ అమ్మ ఒళ్ళోంచి డబ్బా మెల్లగా తీసి కింద పెట్టింది. ఆయనేమో చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. అంత మనిషి అలా నడుస్తుంటే ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని.

హాలు ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని వచ్చింది. "లేపుకోండమ్మా, ఊడవాలి" అంది. "కాసేపు ఉండనివ్వండి, నిద్రపోతోంది" అన్నాను. నా ముఖం ఎలా ఉందో ఏమో, ఆవిడ అటు తిరిగింది. అవతలి మూల నుంచి ఊడవడం మొదలెట్టింది. కాసేపటికి ఎవరికో చెప్పినట్టుంది, మా నెత్తిమీది దీపాలు ఆరిపోయాయి. అక్క, బావ లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

నా భుజం తిమ్మిరెక్కింది. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. ఒక చెయ్యి అమ్మ చుట్టూ ఉంది, రెండోది అమ్మ చేతిలో ఉంది, తుడుచుకునే వీలు లేదు.

అమ్మ కళ్ళు తెరవకుండానే కదిలింది.

"అయిపోయిందా?"

ఎదురుగా తెల్లటి తెర, దాని మీద ఏమీ లేదు.

"లేదమ్మా, ఇంకా చాలా ఉంది," అన్నాను. "పడుకో."

"ఊఁ" అని అమ్మ నా భుజంలోకి ఇంకాస్త ఒదిగి, మళ్ళీ నిద్రలోకి జారుకుంది.