ఏడో ఇల్లు

గుర్గెన్ నా పొరుగువాడు. నాలుగేళ్ళుగా వాడితో నాకు మాటల్లేవు. నా భార్య వర్దుష్ దినం భోజనాల్లో వాడు తన సారా గ్లాసు తెచ్చి నా గ్లాసుకు టింగుమని తగిలించాడు. పోయినవాళ్ళ పేరు మీద తాగేటప్పుడు గ్లాసులు తగలకూడదు. అది పసిపిల్లలకు కూడా తెలుసు. పొరపాటన్నాడు. కావచ్చు. ఆ చప్పుడు మాత్రం నా చెవిలోనే ఉండిపోయింది.

ఈ చలికాలం వాడి భార్య అర్పెనిక్ గుండె ఆపరేషన్ చేయించుకుని బతికి వచ్చింది. నా భార్య ఆసుపత్రి నుంచి రాలేదు. అర్పెనిక్ ఇంటికొస్తే పొట్టేలును బలి ఇస్తానని గుర్గెన్ మొక్కుకున్నాడట. మతాఘ్ అనే ఈ బలి మొక్కుకు నియమాలున్నాయి. పాదిరి దీవించిన ఉప్పు తప్ప మాంసంలో మరే దినుసూ వేయకూడదు. ఏడు ఇళ్ళకు పంచాలి. పొద్దుగూకేలోగా పంపకం ముగియాలి.

చలికాలంలో మా ఊళ్ళో పొగ లేచే ఇళ్ళు ఎనిమిది. వాడిది తీసేస్తే ఏడు. ఏడోది నాది. పొట్టేలును కోసిన పొద్దునే మంచు పడి కొండదారి మూసుకుపోయింది. పక్క ఊరికి పోయే వీలు లేదు.

గుర్గెన్ ఆరిళ్ళకు పంచి, పళ్ళెంతో నా గేటు ముందుకొచ్చాడు.

"సెరోబ్! తలుపు తియ్యరా."

నేను కిటికీ తెరిచి ఎదురింటి ముసలమ్మను పిలిచాను. "న్వార్దవ్వా, ఇక్కడ కుక్కుందని చెప్పు ఆయనకి."

"నీ కుక్క చచ్చి రెండేళ్ళయింది కదరా!"

"అయితే నేనే కరుస్తానని చెప్పు."

అవ్వ పడీపడీ నవ్వింది. "గుర్గెన్, మా ఇంటికి పెరటి గుమ్మం కూడా ఉంది. అక్కడికో పళ్ళెం పట్రా, ఏడు సరిపోతుంది!"

"దేవుడికి లెక్కలొచ్చవ్వా," అన్నాడు వాడు ఏడుపు మొహంతో.

కిటికీ మూశాను. వాడు కదల్లేదు. టోపీ మీద మంచు జానెడు పేరుకుంది. సూర్యుడు కొండ అంచుకు దిగాడు. అప్పుడు కర్ర పొడుచుకుంటూ అర్పెనిక్ వచ్చింది. నాలుగడుగులకోసారి ఆగుతోంది.

"అన్నయ్యా, నీ బాధ నాకు రానీ, తలుపు తియ్యి. ఈయన ఇక్కడే గడ్డకడితే నేనింకో పొట్టేలు మొక్కుకోవాలి. ఉన్నది ఒక్కటే, అది కుంటిది."

ఆమె కోసం తీశాను. వాడి కోసం కాదు. పళ్ళెం అందుకుని గుమ్మంలోనే నిలబడి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను.

"ఉప్పు తక్కువైంది," అన్నాను వాడితో.

"అవ్వా! నాతో మాట్లాడాడు! విన్నావా?" వాడు వీధంతా వినబడేలా అరిచాడు.

"ఊరంతా విందిలే, నోర్ముయ్యి!" అంది అవ్వ.

మా ఊళ్ళో పళ్ళెం ఖాళీగా తిరిగివ్వరు. అందులో మల్బరీ సారా సీసా పెట్టాను. గుర్గెన్ అక్కడే మూత తీశాడు. నేను గ్లాసులు తెచ్చాను.

"అర్పెనిక్ ఆయుష్షుకి," అంటూ వాడు గ్లాసెత్తాడు. నా గ్లాసు దాకా తెచ్చి, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

నేనే ముందుకు వంగి గట్టిగా తగిలించాను. సగం సారా వాడి మీసాల మీద ఒలికింది.

"బతికున్న మనిషికి తగిలించాలిరా, గాడిదా."

రెండో గ్లాసు వర్దుష్ పేరు మీద తాగాం. ఈసారి వాడు తన గ్లాసును రెండు చేతులతో పొట్టకు అదుముకుని, నాకు మూడడుగుల దూరం జరిగి తాగాడు.