తెల్లకంకికి మందు

మా శ్యామ్‌సుందర్ సార్‌కు వరి గురించి తెలిసిందల్లా అది ప్లేట్లోకి వస్తుందనే. అదీ నాంపల్లి స్టేషన్ ఎదుట హోటల్లో, బిర్యానీగా. అయినా ఆయన మా రైతు హెల్ప్‌లైన్‌కు పంటల నిపుణుడు. అబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో, చెప్పుల షాపు మీద మూడో అంతస్తు మాది. నడిపేది పురుగుమందుల కంపెనీ కాబట్టి రైతు ఏమడిగినా జవాబు మందు పేరుతోనే ముగియాలి. నిరుడొకాయన ఫోన్ చేసి, చేలో నెమళ్లు పడుతున్నాయన్నాడు. సార్ దానికీ ఒక మందు చెప్పించాడు.

నేను జువాలజీ చదివి మూడేళ్లుగా అక్కడ ఫోన్లెత్తుతున్నాను. మెదక్ దగ్గర మా ఊళ్లో మా నాయిన భూమయ్యకు మూడెకరాల వరి ఉంది. దసరా అయ్యాక ఇంటికి పోతే పొలంలో అక్కడక్కడ తెల్లకంకులు కనబడ్డాయి. ఒకటి పట్టి లాగితే సులువుగా ఊడొచ్చింది. గింజ లేదు, అంతా తాలు. కాండం చీల్చి నాయినకు చూపించాను. లోపల మొగిపురుగు హాయిగా తింటూ ఉంది.

దాని తల్లి పసుపు రెక్కల పురుగు. ఆకు కొన మీద గుడ్లు పెట్టి, పైన నూగు కప్పి పోతుంది. వారానికి పిల్లలు బయటికొచ్చి కాండంలోకి దూరుతాయి. దూరాక పైన ఎంత మందు కొట్టినా వాటికి స్నానం కూడా కాదు. అందుకే నాట్లప్పుడు ఆడవాళ్లు నారు కొనలు తుంచి నాటేవాళ్లు, గుడ్లు ఆ కొనలతోనే పోయేవి. ఈ ఏడు నాయిన నాటు మెషిన్ పెట్టించాడు. మెషిన్ కొనలు తుంచదు.

"పోయిన కంకులు పోయినయ్ నాయినా. నూటికి నాలుగైదే గద. ఇప్పుడు మందు కొడితే సాలెపురుగులు చస్తయ్. రసం పీల్చే దోమను తినేటియి అవే. అవి లేకుంటే దోమపోటొచ్చి మిగిలింది మొత్తం పోతది. కొట్టకు," అన్నాను.

 పక్క పొలం బిచ్చయ్య కొట్టాడని చెప్పాడు ఆయన.

మంగళవారం పదకొండింటికి నా హెడ్‌సెట్‌లో ఒక లైన్ కలిసింది.

"తెల్లకంకికి ఏం మందు కొట్టాలె మేడం?"

మా నాయినే. బిచ్చయ్య మందు డబ్బా మీది నంబరు చూసి చేశాడు. అది నా ఆఫీసేనని ఆయనకు తెలియదు. నా మాట మీద నమ్మకం లేక, పట్నంలో తెలిసినవాళ్లను అడుగుదామనుకున్నాడు.

"నాయినా, నేను జమునను. కొట్టద్దని మొన్ననే చెప్పిన గద."



"నువ్వా బిడ్డా. మంచిదే. జర పెద్దసార్‌కు ఇయ్యి."

"సార్‌కు వరి చెట్టే తెల్వదు నాయినా."

"గట్లనకు. ఏం తెల్వకుంటనే పెద్దసార్‌ను చేసిన్రా? ఇయ్యి."

వెనకే నిలబడి వింటున్న సార్ నా హెడ్‌సెట్ తీసుకున్నాడు. "పెద్దాయనా, ఆందోళన వద్దు. మా మందు వారం తేడాతో రెండు దఫాలు పిచికారీ చేయండి," అన్నాడు. అటునుంచి నాయిన ఏమన్నాడో, సార్ నవ్వాడు. "అమ్మాయి ఇంకా నేర్చుకుంటోంది లెండి."

నాకు ఒళ్లు మండింది. సార్ మీద కాదు, ఆయనకు ఎలాగూ ఏమీ తెలియదు. నాయిన మీద. చిన్నప్పుడు నన్ను నారుమడి గట్టున కూర్చోబెట్టుకొని, ఆకు కొన మీది గుడ్లు చూపించి, ఎందుకు తుంచాలో నేర్పింది ఆయనే.

రెండు దఫాలూ కొట్టాడు. ఇరవై రోజులకు మళ్లీ ఫోన్ చేశాడు. పొలం నడుమ గుండ్రంగా ఎండిపోతోందని, మడిలోకి దిగితే దోమ ముసురుతోందని చెప్పాడు.  ఈసారైనా నన్నడుగుతాడేమోనని ఆగాను.

"పెద్దసార్ ఉన్నడా బిడ్డా? ఇంకో మందేమన్న చెప్తడేమో."

సార్ అప్పుడే బిర్యానీ తిని వచ్చి పళ్లు కుట్టుకుంటున్నాడు. హెడ్‌సెట్ తీసి ఆయన చేతికిచ్చాను.