ఏడో నంబరు పక్కన పేరు

కోచమ్మ దగ్గర పిచ్చుక నాలుగేళ్ళు ఆడింది, పదకొండేళ్ళు పనిచేసింది. కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులో ప్రతి పిల్లకీ కోచమ్మ ఒక ముద్దుపేరు పెట్టేది. ఆ పేరు పడిందంటే జట్టులో చోటు ఖాయమైనట్టే. కోర్టులో ఒక్కచోట నిలవకుండా గెంతుతుందని ఈమెకు పిచ్చుక అని పెట్టింది. ఇప్పుడామెకు నలభై రెండేళ్ళు, ఇద్దరు బిడ్డల తల్లి, జట్టుకు సహాయ కోచ్. కాస్త ఒళ్ళు కూడా చేసింది. అయినా పేరు మారలేదు. జట్టు పిల్లలు మాత్రం అక్కా అనేవాళ్ళు.

కోచమ్మకు అరవై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. బట్టలు కుట్టే చెల్లెలితో కలిసి రెండు గదుల ఇంట్లో ఉండేది. ఒక గదిలో కుట్టుమిషను, ఇంకో గదిలో గోడ నిండా జట్ల ఫొటోలు.

మొదట్లో కోచమ్మ మరుపు అందరికీ నవ్వులాటగానే ఉండేది. విజిల్ మెడలో వేసుకుని విజిల్ కోసం సొరుగులన్నీ లాగేది. సాధన మొదలైన గంటకు పిల్లల్ని మళ్ళీ వరసలో నిలబెట్టి, అప్పటికే చేసిన కసరత్తులు మొదట్నించీ చేయించేది. కోచమ్మ ఇవాళ మన పని పట్టిందని మూలుగుతూ పిల్లలు రెండోసారీ చేసేవాళ్ళు. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం చెల్లెలు ఆటల హాలుకు వచ్చి, పిచ్చుకను మెట్ల మీద కూర్చోబెట్టుకుని సంగతి చెప్పింది. డాక్టరు పరీక్షలు చేశాడు. మతిమరుపు జబ్బు, నయమయ్యేది కాదు, మెల్లమెల్లగా ముదిరేది. అక్కకు కూడా డాక్టరు చెప్పాడు గాని, ఆమె వినిపించుకోలేదో, విని మరిచిపోయిందో తెలియడం లేదు. వచ్చే ఏడు ఎలాగూ రిటైరవుతుంది కాబట్టి ఈ ఒక్క ఏడాదీ జట్టుతో ఉండనివ్వమని చెల్లెలు బతిమాలింది.

"నువ్వు పక్కనుంటే నెట్టుకొస్తుందమ్మా. ఆట తీసేస్తే అక్కకింకేం మిగలదు," అంది.

పిచ్చుక సరేనంది. ఎవరికీ చెప్పలేదు. కాలేజీకీ చెప్పలేదు, పిల్లలకీ చెప్పలేదు.

ఆ రోజు నుంచీ ఆమె కోచమ్మకు రెండో తలకాయ అయింది. ఎప్పుడూ ఒక అడుగు వెనకే నిలబడేది. నీళ్ళ సీసా అందిస్తూనో, తువ్వాలు ఇస్తూనో ఎదురుగా ఉన్న పిల్ల పేరు కోచమ్మకు వినపడేలా అనేది. ఎన్ని టైమౌట్లు మిగిలాయో వేళ్ళతో చూపించేది. చూసేవాళ్ళకు అదొక గౌరవంలా కనిపించేది. ఇంట్లో మొగుడు మాత్రం, మీ కోచమ్మ ఊపిరి కూడా నువ్వే పీలుస్తున్నట్టున్నావని ఎకసెక్కమాడేవాడు. అతనికీ ఆమె చెప్పలేదు.

జట్టంతటికీ ప్రాణం బొంగరం అనే పిల్ల. ఆఖరి సంవత్సరం చదువుతోంది. అందరికంటే పొట్టిది. బంతి చేతికందిందంటే గిర్రున తిరిగి ఇద్దరి మధ్య నుంచి జారుకునేది. ఏడో నంబరు జెర్సీ ఆమెది. ఇరవై ఏళ్ళ కిందట అదే నంబరు పిచ్చుకది. బొంగరం తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. సెలవు దొరక్క కూతురి ఆట ఒక్కటీ చూడలేదు.

ఆ ఏడు జట్టు ఎవరూ ఊహించనంతగా ఆడింది. పందొమ్మిదేళ్ళ తరవాత జాతీయ పోటీలకు చోటు సంపాదించింది. పదహారు కాలేజీలు, వారం రోజులు, ముక్కూ మొహం తెలియని ఊరు. నర్సుల శిక్షణ కేంద్రం హాస్టల్లో బస ఇచ్చారు. కదిలితే కిర్రుమనే ఇనప మంచాలు, నడవా చివర ఒకే ఒక్క వేడినీళ్ళ కుళాయి. పొద్దున్నే ఆ కుళాయి దగ్గర జరిగే కొట్లాటలే అసలు పోటీలని పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

మొదటి ఆట సునాయాసంగా గెలిచారు. రెండోదానిలో రెండు పాయింట్లు వెనకబడి ఉండగా కోచమ్మ టైమౌట్ అడిగింది. పలక మీద గబగబా గీతలు గీసి ఎవరు ఎటు పరిగెత్తాలో చూపించింది. పిల్లలు మొహాలు చూసుకున్నారు. అది వాళ్ళెప్పుడూ సాధన చేసినది కాదు. తాను ఆడిన రోజుల నాటి ఎత్తుగడ అని పిచ్చుకకు గీతలు చూడగానే తెలిసిపోయింది. నోరు తెరిచేలోగా విజిల్ మోగింది. బొంగరం ఆ గీతల్ని ఒక్క క్షణం తేరిపార చూసి, అర్థమైనంత మేర అలాగే పరిగెత్తింది. అంత పాత ఎత్తు అవతలి జట్టులో ఎవరూ ఎరగరు. బంతి బుట్టలో పడింది. వాళ్ళు గెలిచారు. పిల్లలు కోచమ్మను ఎత్తుకుని తిప్పారు. పిచ్చుక బయటికి వెళ్ళి, గోడకానుకుని నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. ఇంకో రెండు ఆటలే గదా, గట్టెక్కేస్తామనుకుంది.

సెమీఫైనల్ కూడా గెలిచారు.

ప్రతి ఆటకూ ముందు పన్నెండు మంది పేర్లు, నంబర్లతో జాబితా రాసి కోచ్ సంతకంతో అధికారుల బల్ల దగ్గర ఇవ్వాలి. కోచమ్మ రాసిన జాబితాను మూడు ఆటలకూ పిచ్చుక చాటుగా తిరగరాసింది. ఒకసారి ఒకే పేరు రెండుసార్లు పడింది. ఒకసారి పదకొండే ఉన్నాయి. ఫైనల్ రోజు పొద్దున ఆమె మంచం మీద కాయితం పెట్టుకుని రాస్తూండగా కోచమ్మ లోపలికి వచ్చింది.

"నా రాత నీకు అర్థం కావడం లేదా?" అంది.

సిరా అలుక్కుపోయిందని పిచ్చుక ఏదో గొణిగింది. కోచమ్మ వచ్చి ఎదుటి మంచం మీద కూర్చుంది.

"అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి. చదువుకునే రోజుల్లోనూ అంతే. నాకేదో అవుతోందని నాకు తెలుసు. పొద్దున లేచాక నా చెప్పులేవో పోల్చుకోడానికి తంటాలు పడుతున్నా. ఇదే నా ఆఖరి ఆట. ఈ ఒక్క కాయితం నన్ను రాయనీ, పిచ్చుకా. వెనక నిలబడి చూడకు."

పిచ్చుక కలం ఆమె చేతికిచ్చి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కోచమ్మ తొందరపడలేదు. ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్దుతూ రాసింది, సంతకం పెట్టింది, మడిచి ఇచ్చింది. బల్ల దగ్గరికి నడిచిన ఆ నాలుగు నిమిషాలూ కాయితం పిచ్చుక చేతిలోనే ఉంది. విప్పి చూడొచ్చు. చూస్తే ఆమెను నమ్మనట్టేనని విప్పలేదు.

ఆ రోజు బొంగరం తండ్రి వచ్చాడు. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చాడు. నలిగిన చొక్కాతో మూడో వరసలో, ఎవరికీ అడ్డం కాకూడదన్నట్టు ముడుచుకుని కూర్చున్నాడు. కూతురు మొదటి బుట్ట వేసినప్పుడు చప్పట్లు కొట్టొచ్చో కూడదో అని పక్కవాళ్ళ వంక చూశాడు. రెండోదానికి లేచి నిలబడ్డాడు. మొదటి పది నిమిషాల్లో ఆమె తొమ్మిది పాయింట్లు చేసింది. ఆ మొదటి విరామానికి జట్టు ఏడు పాయింట్ల ముందుంది.

అప్పుడు బల్ల దగ్గర అధికారి పిచ్చుకను పిలిచాడు. కళ్ళద్దాల మనిషి, మర్యాదస్తుడు. ముందు పిల్లల గుర్తింపు కార్డులు, పక్కన జాబితా. పదకొండు సరిపోయాయని, ఒకటి సరిపోలేదని చెప్పి ఏడో నంబరు మీద వేలు పెట్టాడు.

"ఈ పేరు గల అమ్మాయి మీ జట్టులో లేదు. ఎవరు ఈవిడ?"

గుండ్రటి అక్షరాల్లో ఉన్నది పిచ్చుక అసలు పేరే. పెళ్ళికి ముందరి ఇంటిపేరుతో.

"నేనే," అంది పిచ్చుక.

తరవాత ఆమె చాలా మాట్లాడింది. పొరపాటంది, పిల్ల కార్డు ఎదురుగానే ఉంది గదా అంది, చేతులు కూడా పట్టుకోబోయింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆట మొదలవక ముందు కనిపెట్టి ఉంటే తనే దిద్దేవాణ్ణని, మొదలయ్యాక జాబితాలో కొత్త పేరు చేర్చడానికి నియమం లేదని, అవతలి జట్టు కోచ్ అప్పుడే అభ్యంతరం రాసిచ్చిందని చెప్పాడు. చేసిన పాయింట్లు ఉంటాయి, పిల్ల మాత్రం ఇక ఆడకూడదు.

పిచ్చుక బెంచి దగ్గరికి వచ్చింది. జాబితాలో తప్పు పడి బొంగరం ఇక ఆడకూడదన్నారని, తప్పు తనదేనని చెప్పింది. బొంగరం చెమట తుడుచుకుంటూ, వింటున్నది తన గురించి కాదన్నట్టు చూసింది. ఇంతలో విరామం అయిపోయిందని విజిల్ మోగింది. కోచమ్మ చుట్టూ కలియజూసి పిచ్చుక దగ్గర ఆగింది.

"నువ్వింకా ఆ బట్టల్లోనే ఉన్నావేమిటి? వెళ్ళి జెర్సీ వేసుకురా. ఏడో నంబరు లేకుండా ఎలా ఆడతారు?"

ఆ ఒక్క మాటతో పన్నెండు మందికీ అర్థమైంది. ఒక పిల్ల నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. బొంగరం జెర్సీ మీద మామూలు చొక్కా తొడుక్కుని, కోచమ్మ పక్కన కూర్చుని, ఆమె చేయి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆటలో మిగిలిన ముప్పై నిమిషాలూ ఆ చేయి వదల్లేదు. ఈ పిల్లను ఎందుకు దింపడం లేదని కోచమ్మ నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ బొంగరమే, కాలు బెణికిందని చెప్పింది.

మిగతా పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. ఆరు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

బట్టలు మార్చుకునే గదిలో అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, బొంగరం పిచ్చుకను అడిగింది.

"మీకు ఎప్పట్నించి తెలుసక్కా?"

"ఎండాకాలం నుంచి."

"మాకెందుకు చెప్పలేదు?"

ఆమె పరువు పోతుందనుకున్నానంది పిచ్చుక.

"పన్నెండు మందిమి ఉన్నాం. మేమూ చూసుకునేవాళ్ళం. ఆ కాయితం మాలో ఒకరు చదివినా సరిపోయేది. కోచమ్మ మీకొక్కరికే కోచమ్మ అనుకున్నారు."

బయట బొంగరం తండ్రి ఎదురుచూస్తున్నాడు. పిచ్చుక వెళ్ళి క్షమించమని అడగబోతే, ఆయనే రెండు చేతులూ ఎత్తి, పది నిమిషాలు చూశాను గదండీ, అది ఇంత బాగా ఆడుతుందని నాకు తెలియనే తెలియదు అన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

మర్నాడు పొద్దున బస్సులో బయల్దేరారు. కోచమ్మ ముందు సీట్లో కూర్చుంది. కాసేపటికి, నిన్న ఏమైందని అడిగింది. ఓడిపోయామని పిచ్చుక చెప్పింది. కోచమ్మ మొహం వాడిపోయింది. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. గంట తరవాత మళ్ళీ అడిగింది, మళ్ళీ కొత్తగా ఏడ్చింది. మూడోసారి అడిగేసరికి గెలిచామన్న మాట పిచ్చుక నోటిదాకా వచ్చింది. వెనక సీట్లోంచి బొంగరం ముందుకు వంగింది.

"ఓడిపోయాం కోచమ్మా. కానీ బాగా ఆడాం. మీకు నచ్చేట్టుగానే ఆడాం."

"అవునా," అంది కోచమ్మ. ఆ తరవాత దారిలో అడగలేదు.

పిచ్చుక కాలేజీకి ఉన్నదున్నట్టు రాసిచ్చింది. ఏడాదిపాటు ఆమెను జట్టు బాధ్యతల నుంచి తప్పించారు. ఆమె ఎదురు చెప్పలేదు. ఆఖరి పరీక్షల దాకా నడవాల్లో ఎదురుపడినా బొంగరం తల దించుకుని వెళ్ళిపోయేది. తరవాత వేరే ఊళ్ళో బడిపిల్లలకు ఆటలు నేర్పే పనిలో చేరిందని ఎవరో చెప్పారు. పిచ్చుక ఒక ఉత్తరం రాసింది. జవాబు రాలేదు.

కోచమ్మ ఇంకో రెండేళ్ళు బతికింది. ఆఖర్లో మాట కూడా పోయింది. చెల్లెలు మిషను కుట్టుకుంటూంటే ఆ చప్పుడు వింటూ కూర్చునేది. పిచ్చుక వారానికి రెండుసార్లు వెళ్ళి తల దువ్వి, గోళ్ళు తీసి వచ్చేది.

కోచమ్మ పోయిన రోజు బొంగరం వచ్చింది. ఎవరు కబురు చేశారో తెలియదు. వచ్చిన జనం ఆ రెండు గదుల్లో పట్టలేదు. ఎవరో కాఫీ కలుపుతున్నారు, ఎవరో కుర్చీలు మోస్తున్నారు. బొంగరం ఎవరితోనూ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి, సాయంత్రం దాకా కప్పులు కడుగుతూ నిలబడింది. అందరూ వెళ్ళాక పిచ్చుక పక్కన చేరి కడిగినవి తుడవడం మొదలుపెట్టింది. చివరి కప్పు అయ్యాక బొంగరం చేతులు తుడుచుకుంది.

"మీ మీద కోపం ఇంకా పోలేదక్కా," అంది.

"తెలుసు."

"పోతుందో లేదో కూడా తెలీదు."

పిచ్చుక తలూపింది. బస్సు ఎన్నింటికని అడిగింది. ఆరింటికి ఒకటుందని బొంగరం చెప్పింది. చెల్లెలికి చెప్పి ఇద్దరూ బయల్దేరారు. బస్టాపు దాకా పది నిమిషాల నడక. బస్సు ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేదాకా పిచ్చుక ఆమె పక్కనే నిలబడింది.