ఉతికిన సంతకం

కొత్త గుడ్డ ఏదైనా సరే, ఉతకనిదే బొంత కుట్టే చట్రం దగ్గరికి రాకూడదు. ఇది ఓర్ఫా అత్తగారు లొవీనా టట్ల్ పెట్టిన నియమం. కుట్టాక ఉతికితే ముడుచుకుపోయిన బొంత ఊరంతా నవ్వే బొంత అంటుందామె. అందుకే ఆ మంగళవారం ఓర్ఫా, టపాలో వచ్చిన తెల్లగుడ్డని గంజి బిరుసు చేతికి తగలగానే సబ్బునీళ్ళలో ముంచేసింది. ముంచాక గుర్తొచ్చింది. తీసి చూస్తే నీటిలో సన్నటి నీలిచార, గుడ్డ మీద ఏమీ లేదు.

ఆ కరిగిపోయింది ప్రెసిడెంటు భార్య శ్రీమతి హాలిడే సిరా సంతకం.

ఆవిడ ప్రతి గురువారం రేడియోలో మాట్లాడేది. ఆవిడ చెప్పాకే ఈ ఒహాయో కొండల్లోని బడిలో పిల్లలకి మధ్యాహ్నం వేడి సూపు మొదలైంది. ఆ భోజనాల గది గోడకి చర్చి ఆడవాళ్ళు బొంత కుడుతున్నారు. పేరున్న నలభైమంది పెద్దవాళ్ళకి ఉతికిన గుడ్డలు పంపి సంతకాలు తెప్పించారు. శ్రీమతి హాలిడే మాత్రం తన సొంత కొత్తగుడ్డ మీదే చేసి పంపింది. ఆ సంతకం గీతల మీద దారంతో కుట్టే పని ఓర్ఫాది. కోడలిగా వచ్చిన రెండేళ్ళకి మొదటిసారి చట్రం దగ్గర చోటు దొరికింది. "ఒక్క తప్పు చేశావా, మళ్ళీ వంటగదిలో కాఫీ కాస్తావు" అని అత్తగారు ముందే చెప్పింది.

పక్కింటి బ్యూలా గుడ్డని తిప్పి చూసింది.

"పేపర్లో ఆవిడ సంతకం అచ్చేశారుగా. చూసి దిద్దెయ్. ఎవరికి తెలుస్తుందే?"

"నాకు తెలుస్తుందిగా వదినా."

"నీకు తెలిస్తే ఏం? నువ్వు నోరు తెరిచేదే ఏడాదికి రెండుసార్లు."

ఓర్ఫా పెన్సిల్ పట్టుకుని రెండక్షరాలు దిద్దింది కూడా. బాగానే వచ్చాయి. అదే ఆమెకి నచ్చలేదు. చెరిపేసి, ఉత్తరం రాసింది: "అమ్మా, మీ పేరు పొరపాటున ఉతికేశాను. ఇంకోసారి పంపగలరా?"

మూడు వారాలపాటు, ఆ ముక్క ఏదని అత్తగారు అడిగినప్పుడల్లా "అవుతోంది అత్తయ్యా" అంది. ఇంక రెండురోజుల్లో బొంత వేలాడదియ్యాలనగా శ్రీమతి హాలిడే దగ్గర్నించి కవరు వచ్చింది. చట్రం చుట్టూ అందరూ కూచుని ఉన్నారు. కవరు అత్తగారి చేతిలోనే పడింది.

"ఇదేంటి ఓర్ఫా, మళ్ళీ వచ్చింది?"

ఓర్ఫా లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. సూదులన్నీ ఆగిపోయాయి. లొవీనా కవరు చింపింది. ఈసారి గుడ్డ మీద సిరా లేదు. ఎర్రదారంతో కుట్టిన పేరుంది, వంకరటింకరగా. కవర్లోని ఉత్తరం బ్యూలా చదివింది: "ఈసారి ఉతికినా పోదు. పన్నెండేళ్ళప్పుడు కోడి గీకినట్టు కుడుతున్నానని మా అమ్మ నన్ను చట్రం దగ్గర్నించి పంపేసింది. మళ్ళీ ఎవరూ రానివ్వలేదు. బాగాలేకపోతే విప్పి కుట్టండి."

లొవీనా కత్తెర తీసుకుంది. ఎవరి కుట్టు వంకరపోయినా ఆమె విప్పకుండా వదల్లేదు, పాస్టరుగారి భార్య కుట్టుతో సహా. గుడ్డని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది.

"వాళ్ళమ్మ అన్నది నిజమే" అంది. గుడ్డ తిరగేసి, వేలాడుతున్న దారం కొస ఒక్కటి కత్తిరించింది. కుట్టు ముట్టుకోలేదు.

ఓర్ఫా వంటగది వైపు కదిలింది.

"ఎక్కడికి?"

"కాఫీ కాద్దామని, అత్తయ్యా."

"చట్రం దగ్గర్నించి పంపేస్తే ఏమవుతుందో చూశాంగా. పోయి ప్రెసిడెంటుని పెళ్ళాడతారు. మావాడి గతేం కాను? ఇలా నా పక్కన కూచుని దీన్ని నడిమధ్యన అతుకు. బ్యూలా, దొంగ సలహా నువ్వే ఇచ్చుంటావు, కాఫీ నువ్వు కాయి."

"నేనేం చేశానమ్మా" అంటూనే బ్యూలా లేచింది. ఓర్ఫా సూదిలోకి దారం ఎక్కించింది.