కుండ లోపలి చెయ్యి

కాస్త ఇలా దగ్గరికి జరగండర్రా, ఇది గట్టిగా చెప్పుకునే కథ కాదు.

ఒక ఊళ్ళో ఒక కుమ్మరాయన, ఆయన భార్య ఉండేవారు. ఇద్దరికీ అరవై దాటాయి. ఆ ఊరు చూడడానికి బయటి జనం రావడం మొదలయ్యాక కిరాణా కొట్టు కాఫీ హోటలైంది, గొడ్ల సావిళ్ళు అద్దె గదులయ్యాయి. వీధి మొత్తాన్ని ఒక కంపెనీ తీసేసుకుంది. పాత పని చేసి చూపించేవాళ్ళు ఉండవచ్చు, చూపించలేనివాళ్ళు ఖాళీ చేయాలి. కుమ్మరి సారె తిరిగినన్నాళ్ళే ఆ ఇల్లు వాళ్ళది.

వాకిట్లో సారె, దాని చుట్టూ తాడు, తాడు అవతల ఫోన్లు ఎత్తిన జనం. ఒకరోజు ఒకామె ఏకంగా వంటింట్లోకి వచ్చి గిన్నె మీద మూత తీసి, "ఇది కూడా ప్రదర్శనేనా?" అనడిగింది.

"కాదమ్మా, మా మధ్యాహ్నం అన్నం" అంది ఆవిడ.

అంతలో ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పట్నం వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. దానికోసం మెడలో పెట్టిన గొట్టం దగ్గర రెండుసార్లు చీము పట్టింది. చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుడితే ఒకటి తాడులా లావెక్కుతుందని, ఇక సూదులు అక్కడే గుచ్చవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

"ఏ చెయ్యి తక్కువ వాడతారు?"

"ఎడమదేనమ్మా. పనంతా కుడిచేత్తోనే" అన్నాడాయన.

పక్కనే ఉన్న ఆవిడ కూడా ఔనని తలూపింది. నలభై ఏళ్ళు ఎదురుగా కూర్చుని మట్టి అందించిన మనిషికీ తట్టలేదు. కుండ బయట కనిపించేది కుడిచెయ్యి. లోపల దూరి గోడను నిలబెట్టేది ఎడమచెయ్యి. చూసేవాళ్ళకు అది కనపడదు, చేసేవాడికి గుర్తుండదు.

కుట్లు మానాయి. ముంజేతి మీద వేళ్ళు పెడితే లోపల పిల్లి గురక పెట్టినట్టు జుమ్ముమనేది. "రక్తం పారుతోందనడానికి ఇదే గుర్తు. రోజూ తడిమి చూసుకోండి, ఆగితే ఆలస్యం చేయకుండా రండి" అంది నర్సు.

ఆపరేషనుకని కంపెనీ ఇచ్చిన రెండు నెలల గడువు అయ్యాక ఆయన సారె ముందు కూర్చున్నాడు. ఎడమచెయ్యి లోపలికి పెట్టగానే కుండ మూతి ముంజేతిని బిగించి ఒరుసుకుంది. తీసి తడిమితే జుమ్ము సన్నబడింది. పట్నం పరిగెత్తారు.

"ఇది మూసుకుపోతే మళ్ళీ మెడకే" అంది డాక్టరమ్మ. "కుడిచేతి రక్తనాళాలు సూదులకు ఎప్పుడో దెబ్బతిన్నాయి, అక్కడ కుట్టడం కుదరదు. ఈ చెయ్యి ఇక కుండలో పెట్టకండి."

పది రోజులు సారె ఆగింది. కంపెనీ గైడు వచ్చాడు. "పెద్దాయనా, సోమవారం పెద్ద గుంపు వస్తోంది. ఆ రోజు కూడా తిరక్కపోతే ఇక నా చేతుల్లో ఏమీ లేదు."

"నీ చేతుల్లో లేదు, ఆయన చేతికి కుదరదు. ఇక మిగిలినవి నావేగా" అంది ఆవిడ.

సోమవారం ఆవిడ ఆయనకు ఎదురుగా కూర్చుని తన చెయ్యి కుండలోకి దించింది. బయట ఆయన కుడిచెయ్యి.

"ఏమే, అంత నొక్కకు, చిల్లు పడుతుంది."

"నలభై ఏళ్ళుగా చూస్తున్నానులే. నీ పక్క నువ్వు చూసుకో."

మొదటిది కూలింది. జనం నవ్వారు. రెండోది నిలబడింది. చప్పట్లు ఆగలేదు.

ఇల్లు నిలిచింది. వారం తిరక్కుండా వీధి మొదట్లో వాళ్ళిద్దరి బొమ్మతో బోర్డు వెలిసింది. రోజుకు నాలుగు ఆటలు. పట్నం వెళ్ళొచ్చిన రోజుల్లో కూడా రెండు.

"ఆయన వడలిపోయి వస్తాడు బాబూ. ఆ రోజు వదిలెయ్యి."

"మీ జంట కోసమే టిక్కెట్లు కొంటున్నారు పిన్నీ" అన్నాడు గైడు.

చెల్లెలి కూతురికి కాన్పయితే ఆవిడ వెళ్ళలేకపోయింది. జ్వరమొచ్చినా పడుకోలేకపోయింది. పట్నం వెళ్ళిన రోజు ఆయన నాలుగు గంటలు అక్కడ గొట్టాలకు కట్టుబడి, మిగతా పొద్దంతా ఇద్దరూ తాడు లోపల.

ప్రతి ఆట అయ్యాక ఆవిడ చెయ్యి తుడుచుకుని, ఆయన ముంజేతి మీద వేళ్ళు ఆనించి, ఊపిరి బిగబట్టి ఉంటుంది. అప్పుడే ఫోన్లన్నీ ఒక్కసారి లేస్తాయి.

"అది భలే ఉంది పిన్నీ, కాసేపు అలాగే ఉంచండి. చివర్లో రోజూ కలిపేద్దాం" అన్నాడు గైడు.

తల్లుల్లారా, ఎప్పుడైనా ఎవరైనా మీకు ఆ ఫోటో చూపించి, ఈ వయసులో ఎంత ముచ్చటో అంటే, ఆవిడ వేళ్ళు అక్కడ దేన్ని వెతుకుతున్నాయో వాళ్ళకు చెప్పండి. మరిచిపోకండి, చెప్పండి.